హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కట్టబోయే మేనల్లుడికి

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నువ్వు పంపిన మూడు డ్రాయింగులూ చూశాను. ఒకటి తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న డబ్బా, రెండవది ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇంటి కరెంటు మీద నడిచేది, మూడవది పైన వాల్వులు ఎర్రగా వెలుగుతూ కనిపించేది. వీటిలో ఏది బాగా వినిపిస్తుందని అడిగావు. ముప్పై ఏళ్లు రేడియోలు విప్పి బిగించినవాణ్ణి కనుక, నీ హెడ్‌ఫోన్ ఎన్ని ఓములదో (కరెంటుకు ఎంత అడ్డు పెడుతుందో), రాత్రి తొమ్మిదింటికి మీ ఊళ్లో ప్లగ్గు దగ్గర ఎంత వోల్టేజీ ఉంటుందో తెలిశాకనే ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలను.

నీది 32 ఓముల హెడ్‌ఫోన్, నీ స్నేహితుడి సెన్‌హైజర్ హెచ్‌డి 600 మాత్రం 300 ఓములది, రెండూ దీని మీదే నడవాలంటున్నావు. ఇంట్లో వినడానికి ఒక్కో చెవికి 20 మిల్లీవాట్లు లెక్క వేసుకుంటే ధారాళంగా సరిపోతుంది. అంత అందాలంటే 300 ఓముల దానికి సుమారు 2.45 వోల్టులు కావాలి గాని కరెంటు 8 మిల్లీ ఆంపియర్లు చాలు. 32 ఓముల దానికి 0.8 వోల్టు చాలు గాని 25 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. మన భాషలో చెప్పాలంటే ఒకటి మెరక చేను, నీటి మట్టం ఎత్తుగా ఉండాలి. రెండవది పల్లపు చేను, మట్టం తక్కువైనా నీరు ఎక్కువగా పారాలి.

బ్యాటరీ డ్రాయింగు ఇక్కడే తేలిపోయింది. తొమ్మిది వోల్టులను రెండు రెసిస్టర్లతో సగం చేస్తే అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర మిగులుతుంది. ఆప్-ఆంప్ (సంకేతాన్ని పెంచే చిప్) ఆ చివరిదాకా ఎలాగూ వెళ్లలేదు, 2.45 వోల్టుల అల శిఖరమేమో మూడున్నర దాకా పోతుంది కనుక 300 ఓముల దానికి వోల్టేజీ చాలదు, 32 ఓములది తగిలిస్తే ఆ నడిమి బిందువే ఊగుతుంది. రైలు ప్రయాణానికి, ఫోనుకు తగిలించుకోవడానికి అది మంచి వస్తువే. వాల్వుల దాని విషయంలో నన్ను మన్నించు. వాల్వుల రేడియోల మధ్యనే పెరిగినా, రెండు వందల వోల్టుల హెచ్.టి. (హై టెన్షన్) లైను ఉన్న పెట్టె మీద నీ చేత మొదటి పని చేయించలేను.

మిగిలింది రెండవది. ఎన్.ఇ. 5532 మంచి ఆప్-ఆంప్ చిప్పే గాని అది 600 ఓముల లోడును దృష్టిలో పెట్టుకొని చేసినది. దాని వెనుక బి.డి. 139, బి.డి. 140 ట్రాన్సిస్టర్ల జత పెట్టి, ఫీడ్‌బ్యాక్‌ను (అవుట్‌పుట్‌ను చిప్ వెనక్కి తెచ్చుకొని సరిచూసుకునే దారిని) ఆ ట్రాన్సిస్టర్ల తరువాత నుంచి తీసుకో. ఆ జతలో ఎప్పుడూ పది, పదిహేను మిల్లీ ఆంపియర్లు పారుతూ ఉండేలా బయాస్ ఇవ్వకపోతే, పైకీ కిందికీ చేతులు మారే చోట శబ్దం గరుకవుతుంది. సన్నని వీణ వినేటప్పుడు అది ముందుగా తెలుస్తుంది. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (యాంప్లిఫయర్ తన వైపు నుంచి పెట్టే అడ్డు) హెడ్‌ఫోన్ ఓముల్లో ఎనిమిదో వంతు దాటకూడదు, అంటే నీకు 4 ఓములు. గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో ఆ లెక్క) మూడు చాలు. డ్రాయింగులో పది రాసుకున్నావు. అలా చేస్తే వాల్యూమ్ నాబ్ మొదటి పావులోనే పని అయిపోతుంది, అక్కడే లాగ్ పాట్‌లో (ఆ నాబ్ కింద ఉండే రెసిస్టరులో) కుడి ఎడమలు సరిగా కలవవు.

ఇక పవర్ సప్లై. నువ్వు రెండు పంక్తుల్లో తేల్చేసిన భాగం ఇదే. కొన్నేళ్ల క్రితం భీమవరం వైపు ఒక మాస్టారికి 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (నడిమి తీగకు అటు 12, ఇటు 12 వోల్టులిచ్చేది), వోల్టేజీని 12 దగ్గర నిలిపే 7812, 7912 రెగ్యులేటర్లతో ఇటువంటిదే కట్టి ఇచ్చాను. పగలు నిశ్శబ్దంగా ఉంటుంది, రాత్రి గుయ్యిమంటోందన్నారు. గ్రౌండు వైర్లు రెండు రోజులు మార్చి మార్చి చూశాను, నా బల్ల మీద ఏమీ వినిపించదు. చివరకు రాత్రి వారింటికి వెళ్లి మీటరు పెడితే, చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు తిరుగుతుండగా 230 ఉండాల్సిన వోల్టేజీ 180 దగ్గర ఉంది. లెక్క వేసుకో: ఆ వేళ 12 కాస్తా 9.4 అవుతుంది, దాని అల శిఖరం (1.41 రెట్లు) 13.3, డయోడు 0.7 తింటే 12.6 మిగులుతుంది. 7812కు ఇన్‌పుట్ కనీసం 14 వోల్టులుండాలి. కాలువ మట్టం చేను కంటే ఎత్తుగా ఉన్నంతసేపే తూము పారుదలను అదుపు చేస్తుంది. మట్టం పడిపోతే కాలువలో అల ఎలా వస్తే చేలోకి అలాగే పోతుంది. ఆ అలే సెకనుకు వందసార్లు మాస్టారి చెవిలో మోగింది.

అందుకని నువ్వు 15-0-15 తీసుకో. 180 వోల్టుల వద్ద కూడా రెగ్యులేటరు ముందు దాదాపు 15.9 ఉంటుంది, 2200 మైక్రోఫారాడ్ కెపాసిటర్ మీద 100 మిల్లీ ఆంపియర్లకు అల అర వోల్టు లోపే కనుక ఇంకా జాగా ఉంది. అర్ధరాత్రి వోల్టేజీ 245కు ఎక్కితే ఒక్కో రెగ్యులేటరు మీద ఒక వాట్ దాకా వేడి పడుతుంది, కాబట్టి హీట్‌సింక్ తప్పదు. రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు నేరుగా బిగించకు. 7812 వీపు గ్రౌండు, 7912 వీపు దాని ఇన్‌పుట్. మధ్య మైకా (కరెంటు దాటనివ్వని పల్చని పొర) లేకుండా బిగించి నేనొకసారి ఫ్యూజుతో పాటు డయోడునూ కాల్చుకున్నాను.

పెట్టె సంగతి చివర్లో చూసుకుంటానన్నావు, అది నాకు నచ్చలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక మూల, ఇన్‌పుట్ సాకెట్లూ వాల్యూమ్ కంట్రోలూ దానికి ఎదురు మూల ఉండాలంటే పెట్టె పొడవు ముందే తేలాలి. పనస చెక్క పక్కలు అందంగానే ఉంటాయి, కానీ మన వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కనుక బోర్డును చెక్కకు బిగించకుండా అడుగున అల్యూమినియం రేకుకు బిగించు, ఆ రేకును మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఎర్త్ చేయి. మీ ఇంటి ఎర్త్ గొయ్యిలో తడి ఉందో లేదో కూడా చూడు. నాబ్ అజ్జరంలో ఇత్తడితో చేయించుకుంటానన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. నీలం ఎల్.ఇ.డి. మాత్రం వద్దు; ఎర్రదానికి పది కిలో ఓములు పెడితే కంటికి హాయిగా ఉంటుంది. మీ అమ్మ దాని మీద నరసాపురం లేసు గుడ్డ కప్పకుండా చూసుకో, వెనకటికి మా రేడియోలన్నీ అలాగే ఉడికాయి.

మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టు. తరువాత హెడ్‌ఫోన్ తగిలించక ముందే అవుట్‌పుట్ దగ్గర డి.సి. (అలలా ఊగకుండా నిలిచి ఉండే వోల్టేజీ) కొలువు, 20 మిల్లీ వోల్టులు దాటితే ఆపేసి నాకు ఫోన్ చేయి. స్నేహితుడి సెన్‌హైజర్‌తో ప్రయోగం చేయవద్దు, పాతది ఏదైనా పెట్టి చూడు.

15-0-15, అర ఆంపియరు ట్రాన్స్‌ఫార్మర్ నా దగ్గర ఒకటి వాడకుండా ఉంది. వచ్చే వారం మీ అమ్మ ఇక్కడికి వస్తానంది, తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతికిచ్చి పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య