యాంటీబయాటిక్ విరేచనాలకు పెరుగు పనిచేస్తుందా?

యాంటీబయాటిక్ మొదలెట్టగానే విరేచనాలు పట్టుకున్నాయి, పెరుగు తింటే సరిపోతుందా అని ఒకరు అడిగారు.

కొంతవరకే. ఆ మందు పేగుల్లోని మంచి బ్యాక్టీరియానూ చంపేస్తుంది. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ లాంటి కొన్ని రకాల మంచి బ్యాక్టీరియా ఈ విరేచనాలు రాకుండా కాపాడతాయని పరీక్షల్లో తేలింది. మన ఇంటి తోడులో ఏ రకం ఉందో ఎవరికి తెలుసు? పైగా చాలావరకు కడుపులోని ఆమ్లానికే చచ్చిపోతాయి. పాలు పడనివారికి మాత్రం పెరుగు పడుతుంది, పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను పెరుగులోని బ్యాక్టీరియా కొంత అరిగించేస్తుంది కాబట్టి.

కోనసీమలో గేదెపాలు కాచి, గోరువెచ్చగా ఉండగా తోడేసిన గడ్డపెరుగుకు వంక పెట్టలేం. దాన్నే మజ్జిగపులుసుగా మరిగిస్తే బ్యాక్టీరియా మిగలదు! పల్చటి మజ్జిగలో ఉప్పేసుకుని తాగండి.

సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అయితే మాత్ర వేసుకున్నాక పెరుగు, మజ్జిగ తీసుకోవడానికి రెండు గంటలు ఆగండి, వాటిలోని క్యాల్షియం ఆ మందును ఒంటబట్టనివ్వదు. విరేచనాల్లో రక్తం పడినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికే.