పాత షెవీ ట్రక్కుకు ఏ ట్రాన్స్‌మిషన్ నప్పుతుంది?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. నా దగ్గర 1978 నాటి షెవర్లే కె10 ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ ఉంది. ఇంజను 350 వి8, ట్రాన్స్‌మిషన్ మూడు గేర్ల ఆటోమేటిక్ టర్బో 350, టైర్లు 31 అంగుళాలవి. కొంతకాలంగా గేర్లు ఆలస్యంగా పడుతున్నాయి, ఎక్కడా కారిన మరక లేకుండానే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ తగ్గుతోంది. 65 మైళ్ల వేగంలో ఇంజను హోరుకు పక్కవాళ్ల మాట వినపడదు. రోజూ 40 మైళ్లు హైవే మీద వెళ్తాను, నెలకు రెండుసార్లు బోటు లాగుతాను. మెకానిక్ నాలుగు గేర్ల ఆటోమేటిక్ 700ఆర్4 పెట్టమంటున్నారు, మిత్రుడు ఎస్ఎం465 మాన్యువల్ మేలంటున్నాడు. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: ట్రాన్స్‌మిషన్ చెడిపోయిందని తీర్మానించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. టర్బో 350 వెనుకభాగాన, కుడివైపున, అరచేతిలో ఇమిడే గుండ్రటి రేకు డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని వాక్యూమ్ మాడ్యులేటర్ అంటారు. ఇంజను ఆపి, చల్లారాక, దానికి తగిలించిన సన్నని రబ్బరు గొట్టాన్ని ఊడదీసి లోపల చూడండి. ఎర్రటి నూనె తడి కనిపిస్తే డబ్బాలోని పొర చిరిగిందని, ట్రాన్స్‌మిషన్ ఆయిలును ఇంజను పీల్చుకొని కాల్చేస్తోందని అర్థం. మీరు రాసిన రెండు లక్షణాలూ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. ఒక్క బోల్టు విప్పితే ఊడివచ్చే భాగం కోసం ట్రాన్స్‌మిషన్ మొత్తం దింపించుకున్నవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అలా కాక, డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లబడి మాడు వాసన కొడుతుంటే లోపలి క్లచ్ ప్లేట్లు కాలిపోయినట్టే, దించక తప్పదు.

హోరు మాత్రం మాడ్యులేటర్ మార్చినా తగ్గదు, ఎందుకంటే టర్బో 350లో మూడో గేరే చివరిది, దాని నిష్పత్తి 1.00, అంటే ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టూ అన్నే తిరుగుతుంది. ఇక్కడ తేల్చుకోవలసింది ముందుగా మీ డిఫరెన్షియల్ నిష్పత్తి, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ఆ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో. గ్లవ్‌బాక్సులోని స్టిక్కరు మీద అది ఉండవచ్చు గాని, ఇన్నేళ్ల బండిలో ఎవరైనా మార్చి ఉండవచ్చు కనుక స్వయంగా లెక్కపెట్టుకోవడమే నయం. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ట్రాన్స్‌ఫర్ కేసును (ఇంజను శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టెను) న్యూట్రల్‌లో ఉంచి, ఒక్క వెనుక చక్రాన్ని లేపి స్టాండు మీద నిలపండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు (రెండో చక్రం కదలదు కనుక) తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి. మూడుకు కాస్త ఎక్కువైతే 3.08, మూడుముప్పావుకు దగ్గరైతే 3.73, నాలుగు దాటితే 4.10.

4.10 అయితే మీ టైర్లతో 65 మైళ్ల వేగంలో ఇంజను నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది. 700ఆర్4 నాలుగో గేరు ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగానికి ఇంజను చుట్లు తగ్గించే గేరు, నిష్పత్తి 0.70 కాబట్టి అవి 2,000 దగ్గరికి దిగుతాయి, రోజూ హైవే ఎక్కేవారికి ఇది నిజమైన లాభం. పైగా మొదటి గేరు 2.52 నుంచి 3.06కు పెరుగుతుంది, బోటును నీళ్లలోంచి గట్టుకు లాగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. 3.73 అయినా మార్చుకోవడం దండగ కాదు. కానీ 3.08 అని తేలితే ఓవర్‌డ్రైవ్‌లో ఇంజను 1,500 దగ్గర ఈడ్చుకుంటూ పోతుంది. అప్పుడు ఉన్న టర్బో 350నే బాగుచేయించి, హోరుకు కారణం సైలెన్సరులో వెతకండి.

ఎస్ఎం465 మొండి గేర్‌బాక్స్, మొదటి గేరు 6.55, రాళ్లలో మనిషి నడకలా కదిలిస్తుంది. అయితే దాని నాలుగో గేరు కూడా 1.00 కనుక మీ హైవే కష్టం తీరదు. ఐదు గేర్ల ఎన్‌వి4500లో ఓవర్‌డ్రైవ్ ఉంది గాని, రెంటికీ క్లచ్ పెడలు నుంచి ఫ్లైవీలు దాకా కొత్తగా సమకూర్చుకోవాలి. మీ అవసరానికి అంత మార్పు చేయించమని నేను చెప్పను.

కనుక 3.73 గాని 4.10 గాని ఉంటే నా ఓటు 700ఆర్4కే. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి నుంచి తీసినదే కొనండి. దానితోపాటు ట్రాన్స్‌ఫర్ కేసు కూడా వస్తుంటే, ముందు చక్రాలకు వెళ్లే షాఫ్టు ఏ వైపు ఉందో చూడండి. మీ ట్రక్కుకు అది కుడివైపు ఉంటుంది. 1988లో వచ్చిన కొత్త రూపు పికప్పులలో ఎడమవైపుకు మారింది, అది మీకు పనికిరాదు. పాత కేసునే ఉంచుకుంటే సరైన అడాప్టరు కావాలి, షాఫ్టుల పొడవులు మళ్లీ కొలవాలి. బోటు లాగేటప్పుడు లీవరు మూడో గేరులోనే ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యం, కార్బురేటరు నుంచి 700ఆర్4కు వెళ్లే త్రాటిల్ వాల్వు కేబులు. మీరు యాక్సిలరేటరు నొక్కినకొద్దీ లోపలి ఆయిల్ ఒత్తిడిని పెంచేది అదే. అది వదులుగా ఉంటే ఒత్తిడి చాలక క్లచ్‌లు జారి, కొద్ది మైళ్లలోనే కాలిపోతాయి. మెకానిక్ ఆ కేబులు సర్ది, గేజీ తగిలించి ఒత్తిడి చూపించేవరకు ట్రక్కును షెడ్డు గేటు దాటించకండి.