చుట్టాలు వచ్చినప్పటి ఖర్చు: గాజువాక నుంచి ఒక ఉత్తరం

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. మా వారికి ప్రైవేటు కంపెనీలో నెలకు 46,000 చేతికొస్తుంది. నేను స్కూల్లో పాఠాలు చెబుతాను, 18,000 జీతం. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు మాతోనే ఉంటారు. ఫ్లాటు ఈఎంఐ, సరుకులు, ఫీజులు, అత్తగారి మందులు, 5,000 చీటీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 53,500. ఇంకా 10,500 మిగలాలి, కానీ మిగలదు. వైజాగ్‌లో ఉన్నాం కాబట్టి సెలవులొస్తే చుట్టాలు వస్తారు. పోయిన దసరాకు హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు వాళ్ళు నలుగురు వచ్చారు. ఒక్కరోజు ఊరు చూపించి రెండు పూటలా హోటల్లో తింటే 10,800 అయింది. ఏడాదిలో ఇలాంటివి ఐదు. అవే క్రెడిట్ కార్డు మీద పేరుకుని ఇప్పుడు 42,000 బాకీ, నెలకు 2,500 కడుతున్నాం. "ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర లెక్కలేంటి" అంటారు అత్తగారు. చుట్టాలు ఫోన్ చేసి వస్తున్నామంటే సంతోషం పోయి టెన్షన్ వస్తోంది. ఈ తిరుగుళ్ళు మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా. మీ అత్తగారు అన్నదాంట్లో తప్పు లేదు. వచ్చినవాళ్ళ ముందు లెక్కలు చూడకూడదు. ఆ లెక్కేదో వాళ్ళు రాకముందే అయిపోవాలి.

దసరా రోజు ఖర్చు మీరు విడివిడిగా రాసి పంపడం చాలా మంచిదైంది. క్యాబులు, ఆటోలు 1,500. టికెట్లు 1,150. మధ్యాహ్నం హోటల్ 3,100. బీచిలో మురీ మిక్చరు, కొబ్బరిబొండాలు, మొక్కజొన్న పొత్తులు 700. రాత్రి ఏసీ రెస్టారెంటు 4,350. ఒక్కసారి కూడి చూడండి. తొమ్మిదిమంది సబ్‌మెరైన్, మ్యూజియం, కైలాసగిరి చూసినందుకు అయింది పదో వంతు కంటే కాస్త ఎక్కువ. తిండికి అయింది 8,150, అంటే నాలుగింట మూడు వంతులు. మీరు ఊరు చూపించడం వల్ల అప్పులపాలు కాలేదు. ఊరు చూస్తూ చూస్తూ ఆకలేసి, దగ్గర్లో ఏది కనిపిస్తే అందులోకి వెళ్ళడం వల్ల అయ్యారు. మధ్యాహ్నం రెండున్నరకు నీరసపడ్డ పిల్లలతో, ముసలావిడతో బీచి రోడ్డులో నిలబడ్డప్పుడు ఎవరూ రేట్లు చూసి హోటల్ ఎంచుకోలేరు. నేనైనా అంతే.

ముందు కార్డు సంగతి తేలాలి, ఎందుకంటే అన్నిటికంటే వేగంగా డబ్బు పోతున్నది అక్కడే. నెలకు మూడున్నర శాతం చొప్పున 42,000 మీద వడ్డీ 1,470. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,735 దాకా. అంటే మీరు కడుతున్న 2,500లో అసలుకు చేరుతున్నది 765 మాత్రమే. ఇంకో మాట చాలామందికి తెలియదు. పాత బాకీ మిగిలి ఉండగా కార్డు మీద కొత్తగా ఏది కొన్నా దానికి వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఆ రాత్రి తిన్న బిర్యానీకి ఇప్పటికీ వడ్డీ కడుతున్నారు మీరు.

దీనికి మందు మీ ఇంట్లోనే ఉంది. మీ లక్ష రూపాయల చీటీ ఇరవై నెలలది, పన్నెండు అయిపోయాయి, పోయిన నెల వేలం పాడినావిడకు 91,000 చేతికొచ్చాయని రాశారు. మీరు చివరిదాకా ఆగినా అయిదు శాతం కమిషన్ పోను వచ్చేది 95,000. ఇప్పుడు పాడితే తగ్గేది సుమారు 4,000. కార్డు బాకీని ఇంకో ఎనిమిది నెలలు ఇలాగే సాగదీస్తే వడ్డీకే దాదాపు 13,000 పోతుంది. కాబట్టి వచ్చే పాటలో మీరు పాడండి. షూరిటీ అడుగుతారు, మీవారి జీతం స్లిప్పులు ముందే తీసి ఉంచుకోండి. వచ్చిన డబ్బులో 42,000 అదే రోజు కార్డుకు కట్టేయండి. మిగిలిన 49,000 మాత్రం తిరుగుళ్ళకు కాదు. మీ నెల ఖర్చే 53,500, అంటే అది ఒక్క నెలకు కూడా చాలదు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఆసుపత్రి అవసరం ఎప్పుడు వస్తుందో తెలియదు. దాన్ని బ్యాంకులో డిపాజిట్ చేసి మరిచిపోండి. మిగతా ఎనిమిది నెలలూ చీటీ వాయిదా కట్టాల్సిందే, అది మీ లెక్కలో ముందే ఉంది కాబట్టి కొత్త బరువేమీ కాదు.

కార్డు తీరితే నెలకు 2,500 మిగులుతాయి. అందులో 2,000తో బ్యాంకులో ఏడాది ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, మొదలుపెట్టండి. దానికి పేరు కూడా పెట్టండి, "చుట్టాల డబ్బు" అని. మొబైల్ యాప్‌లో చాలా బ్యాంకులు పేరు పెట్టుకోనిస్తాయి. ఏడాదికి 24,000, పైన కాస్త వడ్డీ.

భీమిలి రోడ్డులో ఉన్న తొట్లకొండ మీదికి చుట్టాలను తీసుకెళ్తే ఈసారి అక్కడి రాతి తొట్లను పిల్లలకు చూపించండి. ఆ కొండకు ఆ పేరు వచ్చింది వాటివల్లే. పక్కనున్న బావికొండకు బావులవల్ల. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు వానాకాలం నీళ్ళు రాతిలో తొలిచిన తొట్లలో పట్టుకుని ఎండాకాలం గడిపారు. అక్కడే వాళ్ళ వంటశాల, భోజనశాల పునాదులు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. వాన పడేది కొన్నాళ్ళే అయినా కొండ మీద మనుషులు ఏడాదంతా బతికారు. మీ ఇంటికి చుట్టాలు వచ్చేదీ ఏడాది పొడుగునా కాదు. వేసవి సెలవులు, దసరా, అరకు సీజను, ఇవే. ఎప్పుడొస్తారో తెలిసిన ఖర్చు అది. తెలిసిన ఖర్చుకు అప్పు చేయాల్సిన పని లేదు.

ఇక ఆ 10,800 రోజును 4,500కు ఎలా తెస్తామో చూద్దాం. మర్యాదలో ఏ లోటూ రాకుండానే.

పొద్దున్న ఇంట్లో టిఫిను పెట్టి ఎనిమిదిన్నరకల్లా బయల్దేరండి. సముద్రం దగ్గరికి కాదు, ముందు పాత ఊరికి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం, కురుపాం మార్కెట్ సందులు, టౌన్‌హాలు, ఆ తర్వాత హార్బరు పక్కన మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, రాస్‌హిల్ మీద మేరీమాత చర్చి. పైనుంచి చూస్తే ఓడలు హార్బరు కాలువలోంచి లోపలికి రావడం కనిపిస్తుంది. హైదరాబాద్ పిల్లలకు అంతకంటే పెద్ద వింత ఉండదు. దీనికంతటికీ అయ్యేది ఆటో చార్జీలే. మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. ఊరినుంచి ఎవరొచ్చినా మొదట ఆ కొండల మీదికే తీసుకెళ్ళేవారు, చేతిలో పులిహోర క్యారియరు ఉండేది. ఆ రోజుల్ని మా బంధువులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఏ హోటల్లో తిన్నామన్నది మాత్రం ఎవరికీ గుర్తులేదు.

భోజనానికి పన్నెండున్నరకే కూర్చోండి, ఆకలి మండకముందే. ఎక్కడ తినాలో ముందురోజే నిర్ణయమైపోవాలి. శాకాహార భోజనం పెట్టే మామూలు హోటల్లో మనిషికి 150 వేసుకుంటే తొమ్మిదిమందికి 1,350. పప్పు, రెండు కూరలు, సాంబారు, పెరుగు ఉంటాయి, ముసలావిడకూ సరిపడుతుంది. ఏసీ రెస్టారెంటులో స్టార్టర్లు వచ్చేలోపే ఆ డబ్బు అయిపోతుంది.

మధ్యాహ్నం బీచి రోడ్డుకు. విశాఖ మ్యూజియం పాత డచ్చి బంగళాలో ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి. అప్పటి బాంబు ఒకటి అందులో ఉంది, పిల్లల్ని దాని ముందు నిలబెట్టి ఆ కథ చెప్పండి. తర్వాత కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటేడు మ్యూజియం అయిన జలాంతర్గామి. సోమవారం సెలవు. ఇది డబ్బు సంగతే, ఎందుకంటే మూసిన గేటు ముందు దిగినవాళ్ళు ఆ రెండు గంటల్ని ఏ ఐస్‌క్రీం పార్లరులోనో గడుపుతారు. ఎదురుగా రోడ్డుకు అటువైపు టీయూ-142 విమానం ఉంది. టికెట్లకు మీరు పెట్టిన 1,150 అలాగే ఉంచండి, అందులో ఒక్క రూపాయి తగ్గించమని నేను చెప్పను. వాళ్ళు వచ్చింది అది చూడ్డానికే.

సాయంత్రం బీచిలో మురీ మిక్చరు, పుణుకులు, 600. రాత్రి ఇంటికి. వచ్చే ముందు ఒక కిలో రొయ్యలో, చేపలో తెచ్చి వండుకున్నా, చపాతీ కూర చేసుకున్నా 500 అదనం అనుకోండి. వంట మీ ఒక్కరి మీద పడకూడదు, అది మాత్రం మీవారితో ముందే మాట్లాడుకోండి. రోజంతా తిరిగొచ్చి తొమ్మిదిమందికి వండాల్సి వస్తే మీరు మళ్ళీ హోటలే నయమంటారు, ఆ మాట న్యాయమే కూడా.

రాకపోకలకు 900 సరిపోతాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు, మీ అత్తగారికి, మీ పాపకు టికెట్ డబ్బులు అక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే చాలు. హైదరాబాద్ ఆధార్ ఉన్న మీ వదినగారికి టికెట్ తీయాల్సిందే. గాజువాక నుంచి ఊళ్ళోకి బస్సు, లోపల తిరగడానికి ఆటో. మొత్తం కలిపి 4,500. ఇలాంటి రోజులు ఏడాదికి నాలుగైతే 18,000. ఆర్డీలో ఇంకో 6,000 మిగులుతుంది. దాంతో మీ అయిదుగురే ఒకసారి అరకు వెళ్ళిరండి. పొద్దున్నే కిరండూల్ రైలెక్కి, సొరంగాల్లోంచి బొర్రా మీదుగా. అక్కడ పెద్ద హోటలు వెతకొద్దు, బొంగులో చికెన్ తినండి.

రెండోరోజు కూడా ఉంటామంటే భీమిలి వైపు వెళ్ళండి. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, డచ్చివారి సమాధులు, లైటుహౌసు, అన్నీ ఒకే రోడ్డు మీద. ఆ రోజు పులిహోర, దద్దోజనం కట్టుకుని వెళ్ళాలి. కొండల మీద హోటళ్ళుండవు, ఉన్నచోట ధర ఎక్కువ.

రాత్రి భోజనం రెస్టారెంటులోనే కావాలని చుట్టాలు అడిగితే తప్పకుండా వెళ్ళండి, ఒక్క పూట. బిల్లు మాత్రం చదవండి. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జి అని మరో పది శాతం కలిపి ఉంటే అది మీరు ఇష్టపడితేనే కట్టాలి. తనంతట తాను కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

అరకు లాంటి పెద్ద ప్రయాణం చుట్టాలతో కలిసి అయితే ఖర్చు పంచుకోవడంలో నామోషీ లేదు. "అక్కా, రైలు టికెట్లు మీరు తీయండి, తిండి మేం చూసుకుంటాం" అని చెబితే చాలు. ఆ ఫోన్ మీవారు చేయాలి, మీరు కాదు. తమ్ముడు అక్కతో చెబితే అది మామూలు మాట. మరదలు చెబితే లెక్క చూసినట్టు ఉంటుంది. ఇది న్యాయం కాదని నాకూ తెలుసు, కానీ మన ఇళ్ళల్లో అలాగే వినిపిస్తుంది.

మీ సొంత ఆదివారాల గురించి ఉత్తరంలో ఏమీ రాయలేదు. కార్డుకు కట్టే 2,500 పోను నెలకు 8,000 మిగలాలి కదా, అది ఎటు పోతోందో కూడా రాయలేదు. రెండు నెలలు ప్రతి ఖర్చూ ఒక నోటుబుక్కులో రాయండి. ఈలోగా ఒకటో తారీఖున యూపీఐ లైట్‌లో, అంటే ఫోన్‌లో చిన్న చెల్లింపులకు వాడే పర్సులో, 2,000 వేసి, మీ నలుగురూ, అత్తగారూ బయట తినే తిండికి అదే వాడండి. అందులో 5,000 మించి పట్టదు, ఒక్కో చెల్లింపు 1,000 దాటదు, అది అయిపోయాక అయిపోయినట్టే. తనంతట తాను నిండే ఆటో టాప్‌అప్ మాత్రం ఆపేయండి.

కార్డు బాకీ కట్టిన తర్వాత నెల స్టేట్‌మెంటులో మళ్ళీ కొన్ని వందలు కనిపిస్తే కంగారు పడకండి. స్టేట్‌మెంటు వచ్చిన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య పడిన వడ్డీ అది. గడువులోపు అదీ పూర్తిగా కట్టండి. రెండు నెలలు వరసగా సున్నా వచ్చేదాకా కార్డు బీరువాలోనే ఉండనివ్వండి, చుట్టాలు వచ్చినా సరే.