నేనొక్కడినే మానితే ఆగని వాతావరణ మార్పుకు నాకు నైతిక బాధ్యత ఉంటుందా?

ఉంటుంది, అయితే అది అందరికీ సమానం కాదు, ఎవరి వల్ల ఎంత ఉద్గారం వెలువడుతోందో, దాన్ని తగ్గించుకునే వెసులుబాటు ఎవరికెంత ఉందో దాన్నిబట్టి మారుతుంది. గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌లో గణనీయమైన భాగం వందల ఏళ్లపాటు అక్కడే పేరుకుని ఉంటుంది కనుక, మనం వదిలిన కొంచెం కూడా లెక్కలోంచి పోదు. లీటరు పెట్రోలు తూకానికి ముప్పావు కిలో ఉంటుంది. అది మండినప్పుడు అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. నడిచి వెళ్లగల దూరానికి కారు తీసేవారిని, వేరే దారి లేక డీజిల్ ఇంజిన్‌తో పొలం తడుపుకునే రైతును ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయం. ఫలితం కంటికి కనిపించనంత చిన్నదైతే అసలు లేనట్టేననుకోవడం చాలామందిలో ఉన్న అపోహ. వ్యక్తులు తమ వంతు ఒప్పుకున్నంత మాత్రాన ప్రభుత్వాల, బొగ్గు విద్యుత్ కేంద్రాల బాధ్యత కూడా తగ్గిపోదు.