నలుగురికి మైల్స్ మీద ఫస్ట్ క్లాస్: "సీట్లు లేవు" అని ఎందుకు వస్తోంది?

కార్డు పాయింట్లు సరిపడా ఉన్నా, శంషాబాద్ నుంచి నలుగురికి ఎయిర్‌లైన్ సైట్‌లో వెతికితే ఫస్ట్ క్లాస్ ఖాళీ లేదంటోందన్నారు కదా. చిక్కంతా ఆ "నలుగురు"తోనే. మైల్స్‌కి (అంటే ఎయిర్‌లైన్ సొంత పాయింట్లు, కార్డు పాయింట్లను వీటిగా మార్చుకుని టికెట్ తీసుకుంటాం) వదిలే ఫస్ట్ క్లాస్ సీట్లు ఒక విమానంలో తరచూ ఒకటో రెండో. నాలుగు అడిగితే ఉన్న రెండూ చూపించదు.

1. ముందు ఒక్కరికే వెతకండి. దొరికితే ఇద్దరికి.

2. రెండే ఉంటే ఇద్దరు ఫస్ట్‌లో, ఇద్దరు బిజినెస్‌లో. నలుగురిలో ఇద్దరు పిల్లలైతే, ఒక్కో బుకింగ్‌లో ఒక పెద్దవాళ్లు, ఒక పిల్ల ఉండాలి. తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రెండు పీఎన్ఆర్‌లూ లింక్ చేయించండి.

3. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: సీటు తెర మీద కనిపించాకే పాయింట్లను మైల్స్‌గా మార్చండి. ఒకసారి వెళ్తే వెనక్కి రావు. అంతకంటే ముందు కార్డు మీద, ఎయిర్‌లైన్ ఖాతాలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మన దగ్గర పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కార్డు మీద ఒక్క అక్షరమే. హన్మకొండలో మా బావ పాయింట్లు ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయాయి. అది సరిచేయించేలోపు సీట్లు ఎవరో తన్నుకుపోయారు. ఆయన ముందు ఇప్పటికీ విమానం మాట ఎత్తలేం.

4. పన్నులు, ఛార్జీలు విడిగా డబ్బు కట్టాలి. చివరి పేజీలో ఆ అంకె చూశాకే ఓకే నొక్కండి.