కోర్సు ఫీజుకు పీఎఫ్ తీయాలా? ముందు ఇంటి లెక్క చూద్దాం

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. వయసు 37, బీకాం చదివాను. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో 9 ఏళ్ళు అకౌంట్స్ చూశాను, చివరి జీతం 24 వేలు. 2021లో ప్లాంటు మూతపడింది. అప్పటి నుంచి ఉద్యోగం లేదు, దాచుకున్నది తింటున్నాం. నా భార్య ప్రైవేటు స్కూలు టీచరు, జీతం 14 వేలు. ఇంటి ఖర్చు 19 వేలు. ఫిక్స్‌డ్ డిపాజిట్ 1.5 లక్షలు, పీఎఫ్‌లో 2.6 లక్షలు, 8 సవర్ల బంగారం ఉన్నాయి. ప్లాంటులో ఉండగా ఒకసారి ఎక్సెల్‌లో లోడ్ల లెక్క చూస్తుంటే, ఒక ఏజెంటు సరుకులో మాత్రం తల తీశాక తూకం ఎప్పుడూ తక్కువ పడుతోందని పట్టుకున్నాను. అప్పటి నుంచి డేటా అనలిటిక్స్ మీద ఆసక్తి. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరు నెలల కోర్సు, 1.2 లక్షలు, జీఎస్టీ అదనం, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఖాళీగా ఉన్న ఏళ్ళను 'ఎక్స్‌పీరియన్స్‌గా చూపిస్తాం' అన్నారు. ఈఎంఐ కూడా ఉందట. పీఎఫ్ తీయనా, బంగారం తాకట్టు పెట్టనా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: ఆ రంగంలోకి తప్పకుండా వెళ్ళండి. 37 ఏళ్ళకు మించిపోయిందేమీ లేదు. ఆ ఫీజు మాత్రం కట్టకండి. పీఎఫ్ ముట్టుకోకండి, బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

మీ ఇంటికి నెలకు 5 వేలు తక్కువ పడుతోంది. డిపాజిట్‌లోంచి తీసుకుంటూ పోతే 1.5 లక్షలు 30 నెలలు వస్తాయి. కోర్సుకు 18 శాతం జీఎస్టీ కలిపితే 1,41,600 అవుతుంది. అది కట్టాక మిగిలేది 8,400. రెండు నెలలు కూడా గడవవు, కోర్సేమో ఆరు నెలలు, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కునే కాలం వేరే. ఇంట్లో బియ్యానికి వెతుక్కుంటూ ఇంటర్వ్యూకు వెళ్ళిన మనిషి ఎంత తక్కువ జీతానికైనా తల ఊపేస్తాడు. మీ దగ్గరున్న అసలు పెట్టుబడి ఆ 30 నెలలే. దాన్ని ఒక్క సంతకంతో పోగొట్టుకోకండి.

ఈఎంఐ అంటే ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే గడువు అనుకుంటారు చాలామంది. సాధారణంగా అది ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు. ఫీజు ఇన్‌స్టిట్యూట్‌కు ముందే చేరిపోతుంది. రేపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు తిప్పేసినా మీ ఖాతాలో వాయిదా కట్ అవుతూనే ఉంటుంది. ఆపితే సిబిల్ స్కోరు, అంటే రేపు అప్పు అడిగితే బ్యాంకులు చూసే మార్కు, పడిపోతుంది.

ఇక 'ఎక్స్‌పీరియన్స్ చూపిస్తాం' అన్నవాళ్ళ గడప మళ్ళీ తొక్కకండి. కాస్త పద్ధతిగా నడిచే కంపెనీలు చేర్చుకునే ముందు పాత సర్వీసు ఆరా తీస్తాయి. మీ యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు మీద ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పీఎఫ్ కట్టారో అంతా ఉంటుంది. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటరు బయటపడితే ఆ ఉద్యోగం పోవడమే కాదు, మీ 9 ఏళ్ళ నిజమైన సర్వీసును కూడా అనుమానంగా చూస్తారు.

పీఎఫ్ ఎందుకు వద్దంటున్నానో వినండి. 2024-25కు దాని మీద వడ్డీ 8.25 శాతం. మీ 2.6 లక్షలకు ఏడాదికి 21 వేలు దాటుతుంది. అంతకంటే పెద్ద విషయం పెన్షన్. మీకు 9 ఏళ్ళ సర్వీసు ఉంది. పీఎఫ్ కట్టే ఉద్యోగం ఇంకొక్క ఏడాది చేస్తే 10 నిండుతాయి, 58 ఏళ్ళ నుంచి నెలనెలా పెన్షన్‌కు హక్కు వస్తుంది. ఇప్పుడు పీఎఫ్‌తో పాటు పెన్షన్ సొమ్ము కూడా తీసేస్తే ఆ 9 ఏళ్ళూ లెక్కలోంచి పోతాయి. కొత్త ఉద్యోగంలో పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి. ప్లాంటు మూసేసే హడావుడిలో మీరు మానేసిన తేదీ నమోదు చేశారో లేదో ఈ వారమే పీఎఫ్ పోర్టల్‌లో చూసుకోండి. చేయకపోతే ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు.

చదువు సంగతి. మీకు ఎక్సెల్ వచ్చు కాబట్టి అందులోనే ఉండే పివట్ టేబుల్స్, పవర్ క్వెరీ గట్టిగా పట్టండి. ఆ తర్వాత డేటాబేస్‌లోంచి కావాల్సిన అంకెలు తీసే భాష ఎస్‌క్యూఎల్, దాని వెనక ఆ అంకెలను గ్రాఫులుగా చూపించే పవర్ బీఐ. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఇప్పుడే తొందర లేదు. ఎస్‌క్యూఎల్ సాధన చేయడానికి మైఎస్‌క్యూఎల్, దాంతో పాటు పవర్ బీఐ డెస్క్‌టాప్, రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితమే, పరీక్ష రాస్తేనే ఫీజు. ఖర్చు పెట్టాల్సింది లాప్‌టాప్ మీదే. పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్ మీదే నడుస్తుంది కాబట్టి 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ లాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, 25 వేలు దాటకుండా చూసుకోండి.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ ఏజెంటు సంగతి. మీరు ఆ రోజు చేసిన పనినే ఇప్పుడు డేటా అనలిటిక్స్ అంటున్నారు. ఏ చెరువు సరుకు, ఎన్ని కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), కొన్న రేటు, తల తీశాక తూకం, ఐస్ ఖర్చు, ఇవన్నీ మీరే తయారుచేసిన అంకెలతో, ఒకే తెర మీద కనిపించేలా ఒక డ్యాష్‌బోర్డు కట్టండి. పాత కంపెనీ ఫైళ్ళు మాత్రం వాడొద్దు. కిలోకు 50 రావాల్సిన రొయ్య 60 వస్తే కంపెనీకి ఎంత పోతుందో తెలిసినవాడికీ, సాఫ్ట్‌వేర్ మాత్రమే తెలిసిన కుర్రాడికీ చాలా తేడా ఉంది. అందుకే మొదట ఎంఐఎస్ ఉద్యోగాలకు, అంటే కంపెనీ అంకెలను యాజమాన్యానికి రిపోర్టులుగా ఇచ్చే పనులకు పెట్టండి. 2025లో అమెరికా సుంకాలు పెంచాక అక్కడికి వెళ్ళే రొయ్యల ఎగుమతులకు గట్టి దెబ్బ తగిలింది కాబట్టి ఆ ఒక్క రంగాన్నే నమ్ముకోవద్దు. నెల్లూరు ఆసుపత్రులు, రైస్ మిల్లులు, కృష్ణపట్నం వైపు రవాణా కంపెనీలు కూడా చూడండి. కావలి నుంచి నెల్లూరుకు సీజన్ టికెట్‌తో రోజూ వెళ్ళి రావచ్చు. హైదరాబాద్ అయితే రెండు కాపురాల ఖర్చు. జీతం 5 వేలు ఎక్కువిచ్చినా అది గది అద్దెకే పోతుంది.

ఈలోగా కావలిలోనే ఏదైనా ఆడిటర్ ఆఫీసులో సగం రోజు పని అడగండి. జీఎస్టీ రిటర్నుల పని ఎక్కువగా 20వ తేదీ లోపే ఉంటుంది. నెలకు 5 వేలు వచ్చినా ఇంటి లోటు పూడుతుంది, డిపాజిట్ కదలదు. ఇంటర్వ్యూలో 'ఇప్పుడేం చేస్తున్నారు' అంటే నిజమైన జవాబు ఉంటుంది. మధ్యలో ఖాళీ ఎందుకొచ్చిందంటే ప్లాంటు మూతపడిందని చెప్పండి. అందులో మీ తప్పేమీ లేదు.

ఇంట్లో ఈ రాత్రే చెప్పండి. ఆ 14 వేలు ఆవిడ సంపాదన. వేసవి సెలవులకు జీతం ఇవ్వని ప్రైవేటు స్కూళ్ళున్నాయి, వాళ్ళదీ అలాంటిదైతే నేను వేసిన 30 నెలలు తగ్గుతాయి. ఇద్దరూ కూర్చుని ఆ లెక్క సరిచేసుకున్నాకే లాప్‌టాప్ కొనండి.