సెషన్ అమ్మాయిది, బిల్లు మీద పేరు ఓనర్‌ది

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేసింది. ఎల్‌పీసీ అసోసియేట్ లైసెన్స్ (సూపర్‌వైజర్ కింద పనిచేసే కౌన్సెలర్‌కి ఇచ్చే తొలిదశ లైసెన్స్) వచ్చింది, ఒక క్లినిక్‌లో చేరబోతోంది. సెషన్లు తను చేస్తే, ఇన్సూరెన్స్‌కి బిల్లు మాత్రం సూపర్‌వైజర్ కూడా అయిన ఓనర్ పేరుతో వెళ్తుందట. అడిగితే ‘ఇక్కడ అందరూ ఇంతే’ అన్నారట. ఇది సబబేనా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, కొన్ని చోట్ల సబబే, కొన్ని చోట్ల కేసు అవుతుంది. ‘అందరూ ఇంతే’ అనేది మాత్రం జవాబు కాదు.

అమెరికాలో చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పూర్తి లైసెన్స్ ఉన్నవాళ్లనే తమ ప్యానెల్‌లో, అంటే నేరుగా బిల్లు వేయగలవాళ్ల జాబితాలో, చేర్చుకుంటాయి. మీ అమ్మాయికి సూపర్‌విజన్ కింద థెరపీ చేసే హక్కుంది కానీ ప్యానెల్‌లో చోటుండదు. అందుకని కొన్ని కంపెనీలు సూపర్‌వైజర్ నంబరుతో బిల్లు వేయనిస్తాయి, బిల్లులో సేవ కోడ్ పక్కన, చేసింది అసోసియేట్ అని తెలిపే గుర్తు పెట్టమంటాయి. కొన్ని అసలు ఒప్పుకోవు. ఒకే క్లినిక్‌లో పక్కపక్క గదుల్లో కూర్చున్న ఇద్దరు క్లయింట్లకు రెండు రూల్స్ ఉండొచ్చు.

సీఎంఎస్-1500 అనే బిల్లు ఫారం ఒకసారి చూడమనండి. 33వ గడిలో డబ్బు ఎవరికి చేరాలో ఉంటుంది. అక్కడ ఓనర్ పేరుంటే ఏ ఇబ్బందీ లేదు. చూడాల్సింది 24జే గడి. సేవ చేసినవారి ఎన్‌పీఐ నంబర్ (వైద్య సేవలు చేసేవారికి ఇచ్చే జాతీయ గుర్తింపు సంఖ్య) అక్కడ వేస్తారు. కంపెనీ అనుమతి లేకుండా అక్కడ ఓనర్ నంబర్ వేస్తే, ‘ఈ సెషన్ నేనే చేశాను’ అని ఆయన రాసిచ్చినట్టే. ఫైల్లో నోట్స్ కింద సంతకం మాత్రం మీ అమ్మాయిది. ఆడిట్‌లో ఈ రెండూ పక్కపక్కన పెడతారు. సుమారు గంటసేపు థెరపీకి వాడే 90837 కోడ్ వేయాలంటే సెషన్ కనీసం 53 నిమిషాలుండాలి. ఓనర్ పేరు మీద ఒకే రోజు అలాంటివి పదిహేను కనబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది.

పైగా టెక్సస్ బోర్డు రూల్ ప్రకారం అసోసియేట్ చేసిన సేవల బిల్లులో ఆమె అసోసియేట్ అనీ, సూపర్‌విజన్ కింద ఉందనీ కనబడాలి. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) విషయంలో ఇంకా జాగ్రత్త. 2024 జనవరి నుంచి కౌన్సెలర్లకూ అది చెల్లిస్తోంది కానీ, పూర్తి లైసెన్సుతో పాటు మాస్టర్స్ తర్వాత కనీసం రెండేళ్లు లేదా 3,000 గంటల సూపర్‌విజన్ అనుభవం ఉన్నవాళ్లకే. ప్రభుత్వ సొమ్ముకు తప్పుడు బిల్లు అని తేలితే ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద నష్టానికి మూడు రెట్లు, పైన జరిమానా. తెలిసీ సహకరించిందంటే మీ అమ్మాయి లైసెన్స్ మీదకూ రావచ్చు.

మీరు వీసా సంగతి రాయలేదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) అయితే అసలు టెన్షన్ అక్కడే. టెక్సస్‌లో పూర్తి లైసెన్సుకి కావాల్సిన 3,000 గంటల సూపర్‌విజన్ అనుభవం పూర్తి చేయడానికి తక్కువలో తక్కువ 18 నెలలు పట్టాలని రూల్. చదువు తర్వాత ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే. సైన్స్, టెక్నాలజీ వంటి స్టెమ్ కోర్సులకైతే దాన్ని పొడిగిస్తారు, ఈ కోర్సు మామూలుగా ఆ జాబితాలో ఉండదు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండటానికి వీల్లేదు. ఓనర్ ఏం చెప్పినా తలూపే పరిస్థితి ఇక్కడే వస్తుంది. క్లినిక్‌లో చేరకముందే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో, తర్వాత వీసా లాయర్‌తో మాట్లాడటం మంచిది.

ఓనర్‌ని నిలదీయక్కర్లేదు, ఈమెయిల్‌లో మర్యాదగా అడిగితే చాలు. ‘నాకు ఏయే ఇన్సూరెన్సుల క్లయింట్లను ఇస్తారు? సూపర్‌వైజర్ నంబరుతో బిల్లు వేయొచ్చని ఆ కంపెనీలు ఇచ్చిన కాగితం చూపిస్తారా? కంపెనీ తర్వాత డబ్బు వెనక్కి లాక్కుంటే నా జీతంలో కోస్తారా?’ మూడో ప్రశ్న చాలామంది మర్చిపోతారు. సక్రమంగా నడిచే క్లినిక్ ఒకటి రెండు రోజుల్లో జవాబిస్తుంది. ‘కనుక్కుని చెప్తాం’ అంటే, అది తేలేదాకా సొంతంగా ఫీజు కట్టే క్లయింట్లతో మొదలుపెడతానని చెప్పొచ్చు. సూపర్‌విజన్ గంటల లెక్క మీద మాత్రం నెలనెలా సంతకం చేయించుకోమనండి. రేపు క్లినిక్ మారాల్సి వస్తే చేతిలో ఉండేది ఆ కాగితాలే.